అక్బరీ కాపురం – కుటుంబ సమాజశాస్త్ర దృష్టి

డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన ‘మిరాతుల్ ఉరూస్’ ఉర్దూ నవలా సాహిత్యంలో తొలి రచనలలో ఒకటిగా గణింపబడుతున్నది. తన కుమార్తెల పఠనార్థం వ్రాసిన ఈ గ్రంథానికి నాటి ప్రభుత్వం వేయి రూపాయల బహుమానమిచ్చింది. 1877లో రచయిత హైదరాబాదు సంస్థానపు కొలువుకు వచ్చి కొన్నేళ్లు ఉన్నత పదవులు నిర్వహించారు గనుక మనకు ఆయన పరాయివారు కారు.

కథాస్థలం ఢిల్లీ. అక్కాచెల్లెళ్లైన అక్బరీ, అస్గరీలు అన్నదమ్ములైన ఆకిల్, కామిల్‌లను వివాహమాడతారు. చెల్లెలు ఇల్లు చక్కదిద్దుతుంది. అక్క కాపురం కలహాలపాలవుతుంది. అక్బరీ గయ్యాళి అని నిర్ణయించి పుస్తకం మూసివేయడం పాఠకులకు పరిపాటి. ఈ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం.

ఆ ఇంట్లో అత్తగారు దుర్మార్గురాలు కాదు. ఆడపడుచు మహమూదా చిన్నపిల్ల. భర్త సాధువు. దుష్టపాత్ర ఒక్కటీ లేని ఇంట్లో నిత్యకలహమెందుకు? కారణం వ్యక్తులలో కాక వారి స్థానాలలో వెదకుమంటుంది కుటుంబ సమాజశాస్త్రం. భార్య, కోడలు అనేవి పాత్రలు. అవి జన్మతః రావు, నేర్చుకొనవలసినవి. అమ్మమ్మ గారాబంలో పెరిగిన అక్బరీకి వంటావార్పూ నేర్పినవారు లేరు. ఈ సంగతి రచయితే చెబుతారు. చెప్పి కూడా శిక్ష మాత్రం అక్బరీకే విధించారు!

ఇక ఆమె స్నేహాల విషయం. కళాయివాడు, కూరగాయలమ్మేవాడు మొదలైన వారి కుమార్తెలతో ఆమె చెలిమి అత్తవారికి తలవంపుగా తోచింది. ఎలిజబెత్ బాట్ లండనులోని 20 కుటుంబాలను పరిశీలించి 1957లో వెలువరించిన గ్రంథంలో, దంపతుల పరస్పర సంబంధం వారి బంధుమిత్రుల అల్లికపై ఆధారపడుతుందని ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే, కొత్త ఇంట అక్బరీకి తనవారంటూ ఉన్నది ఆ పేదపిల్లలే. ఆ స్నేహాన్ని తప్పుపట్టారే గాని, దానికి బదులుగా మరొకటి ఎవరూ చూపలేదు. అంతస్తుల పట్టింపు నజీర్ అహ్మద్ వంటి సంస్కర్తను సైతం విడువలేదన్నది గమనింపదగినది.

చివరకు వేరింటి కాపురం పెట్టారు. నేటి భాషలో అది వ్యష్టి కుటుంబం. ఉమ్మడి కుటుంబం నుండి విడివడగానే దాంపత్యం చక్కబడుతుందని మనవారిలో పలువురి నమ్మకం. ఇక్కడ జరిగింది వేరు. అత్త పెత్తనంతోపాటు అత్త అండ కూడా పోయింది. హజ్జన్ వేషంలో వచ్చిన ఒక మోసగత్తె తక్కువ ధరకు వస్తువులమ్మి, తీయని మాటలతో నమ్మించి, శుభ్రం చేయిస్తానని నగలు పట్టుకుపోయింది. ఇల్లు మారింది గాని, పాత్రశిక్షణలోని లోటు పూడలేదు.

అయితే అక్బరీ నోటిదురుసు కల్పన కాదు. దానిని సమాజశాస్త్రం పేరిట కప్పిపుచ్చరాదు. కాని చెల్లెలి విజయాన్ని కేవలం సుగుణంగా లెక్కించడమూ సరికాదు. అస్గరీకి చదువు, లెక్క వచ్చును. అదే అత్తవారింట చాలాకాలంగా దోచుకుంటున్న మామా అజ్మత్ అనే దాసి గుట్టు రట్టు చేయగలిగింది. దూరాన ఉన్నవారికి ఉత్తరం వ్రాయగలిగింది. ఆ ఇంట ఆమె మాటకు విలువ వచ్చింది ఈ అధికారం వలననే.

మరి ఆకిల్? ఆ పేరుకు వివేకి అని అర్థం. భార్యకు వచ్చినది, రానిది ఏమిటో కూర్చుండబెట్టి అడిగి, ఓర్పుతో నేర్పించే పూచీ ఆ వివేకిపై ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్న నవలలో ఎవరూ వేయరు.