అణు విద్యుత్తు భద్రత: కూలీ నష్టం ఏ పద్దులో రాస్తారు?

అణు విద్యుత్తు క్షేమమా, ప్రమాదమా అన్న వాదన ఈనాటిది కాదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలినప్పుడు ఒకసారి, 2011 మార్చి 11న జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం మొదలైనప్పుడు మరోసారి ప్రపంచమంతా ఈ వాదన నడిచింది. 2025 డిసెంబరులో మన పార్లమెంటు అణు విద్యుత్తు రంగంలోకి ప్రైవేటు కంపెనీలను రానిస్తూ కొత్త చట్టం చేసింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. కాబట్టి జపాన్ రైతుకు ఏం జరిగిందో తెలుసుకోవడం మనకు పొద్దుపోక చేసే పని కాదు.

ముందు అటువైపు వాదన విందాం. ఫుకుషిమా ప్రజల ఆరోగ్యం మీద రేడియేషన్ వల్లనే అని చెప్పదగ్గ చెడు ప్రభావం కనబడలేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021లో చెప్పింది. బొగ్గు పొగ ఏటా అంతకన్నా ఎక్కువ మందిని చంపుతోందనీ అంటారు. ఈ మాటల్ని మేం కొట్టిపారెయ్యం. బొగ్గు సంగతి మనకు ఒకరు చెప్పక్కరలేదు. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు వద్దన్న పాపానికి పోలీసు కాల్పుల్లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బొగ్గును వెనకేసుకొచ్చే అవసరం మనకు లేదు.

అయితే మా ప్రశ్న వేరు. భద్రత అంటే చావుల లెక్క ఒక్కటేనా? బతికున్నవాడి పొలం, పాడి, కూలి ఏ లెక్కలోకి వస్తాయి?

తెలిసే జరిగింది

ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగాయి. కానీ ఆగిన రియాక్టరు కూడా చాలా రోజులు వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దానిని నీళ్లతో చల్లార్చాలి, నీళ్లు తోడడానికి కరెంటు కావాలి. బయటి కరెంటు పోయింది. సముద్రం పొంగి డీజిల్ జనరేటర్లను ముంచేసింది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. ఆ సముద్రపు పొంగు ఎత్తు 15 మీటర్ల దరిదాపుల్లో ఉంటే, కేంద్రాన్ని 6 మీటర్ల లోపు అలకే సిద్ధం చేసి ఉంచారు.

ఇంత పెద్ద అల వస్తుందని ఎవరు అనుకుంటారు, అంటారేమో. కంపెనీవాళ్లే అనుకున్నారు! 15.7 మీటర్ల దాకా అల రావచ్చని 2008లోనే టెప్కో కంపెనీ సొంత లెక్కలు చెప్పాయి. గోడ మాత్రం లేవలేదు. జపాన్ పార్లమెంటు వేసిన విచారణ సంఘం 2012లో ఇది మానవ తప్పిదంతో వచ్చిన విపత్తేనని తేల్చింది. యంత్రం గొప్పదా కాదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని నడిపేవాడు ఖర్చు దగ్గర ఏం చేస్తాడన్నది రెండో ప్రశ్న. భద్రత ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

పాలు, గడ్డి, మన్ను

లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. ఆస్పత్రుల నుంచి తరలింపులో, శిబిరాల్లో, దిగులుతో, అలసటతో ఫుకుషిమా ప్రాంతంలో 2,300 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే ఒప్పుకున్నాయి. వాళ్లను రేడియేషన్ చంపలేదు, నిజమే. మరి ఎవరు చంపినట్టు?

ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే పాలలో, పాలకూరలో రేడియోధార్మికత కనబడింది. అమ్మకం ఆపేశారు. ఆవుకు ప్రభుత్వ ఉత్తర్వు తెలియదు గదా! పూటపూటా పాలు పితకాలి, పితికి నేలపాలు చెయ్యాలి. వరికోతలయ్యాక పొలంలో వదిలిన గడ్డి మీద సీజియం పడింది. ఆ గడ్డి తిన్న పశువుల మాంసంలో అది తేలేసరికి జులై వచ్చింది. బియ్యం సురక్షితమని అక్టోబరులో అధికారులు ప్రకటించారు. నవంబరులో ఒనామి అనే చోట పండిన బియ్యంలో పరిమితికి మించి సీజియం బయటపడింది. ఆ ఒక్క దెబ్బతో రైతు మాటకూ, అధికారి మాటకూ విలువ పోయింది.

తర్వాత వాళ్లు గట్టి పనే చేశారు, అదీ చెప్పాలి. పొలాల పైమన్ను ఐదు సెంటీమీటర్ల మేర గీకారు. సీజియం పైరుకెక్కకుండా పొటాష్ వేశారు. 2012 నుంచి ప్రతి బియ్యం బస్తానీ పరీక్షించారు. 2015 పంట నుంచి పరిమితి దాటిన బస్తా రాలేదు. కానీ ఫుకుషిమా పేరు చూసి కొనేవాళ్లు వెనకాడారు. పంట బాగున్నా ధర పలకలేదు. ఇక గీకిన మన్ను? తరతరాలు పెంట వేసి పెంచుకున్న నేల సారమంతా సంచుల్లో పడింది. అలాంటి మన్నూ వ్యర్థమూ కలిసి దాదాపు 1 కోటి 40 లక్షల ఘనపు మీటర్లు పోగుపడింది. 2045 నాటికి దాన్ని ఫుకుషిమా బయటికి తరలిస్తామని చట్టం రాసుకున్నారు. తీసుకునే ఊరేదో తేలాలి.

ఇది ఒక్క జపాన్ కథ కాదు. చెర్నోబిల్ తర్వాత పాల ద్వారా అయోడిన్ పిల్లల గొంతు గ్రంథికి చేరి వేలమందికి క్యాన్సర్ వచ్చింది. వందల మైళ్ల అవతల బ్రిటన్‌లో, వేల్స్ కొండల మీది గొర్రెల అమ్మకంపై పెట్టిన ఆంక్షలు 2012 దాకా ఎత్తలేదు.

మన్ను గీకిందెవరు? టెప్కో డైరెక్టర్లా? కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, వాడి కింద మేస్త్రీ, అట్టడుగున దినకూలీ. ఇల్లూ వాకిలీ లేనివాళ్లను, వలస కూలీలను ఈ పనిలో దోచుకుంటున్నారని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2018లో హెచ్చరించారు. చెరుకు కోతకు, ఇటుక బట్టీకి వెళ్లే మనవాళ్లకు ఈ మెట్లన్నీ తెలిసినవే.

బాధ్యత ఎవరిది?

చివరికి కోర్టుల్లో ఏం తేలింది? ప్రభుత్వానికి బాధ్యత లేదని జపాన్ సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కంపెనీ మాజీ పెద్దలు నేరస్తులు కారని 2025లో ఖాయం చేసింది. అయినా అక్కడి చట్టంలో కంపెనీ చెల్లించే పరిహారానికి హద్దు లేదు. అందుకే చెల్లింపు 10 లక్షల కోట్ల యెన్లు దాటింది, అంటే 5 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ భారం మొయ్యలేని కంపెనీని నిలబెట్టింది ప్రభుత్వ సొమ్మే.

ఇక మన చట్టం చూడండి. రియాక్టరు సైజును బట్టి నడిపే సంస్థ బాధ్యత 100 కోట్ల నుంచి గరిష్ఠంగా 3,000 కోట్ల రూపాయలు! లోపమున్న పరికరం అమ్మిన కంపెనీ మీదికి వెళ్లే హక్కు 2010 చట్టంలో ఉండేది. భోపాల్ అనుభవంతో పోరాడి పెట్టించిన నిబంధన అది. విదేశీ కంపెనీలకు అది కంటగింపు. కొత్త చట్టం దాన్ని ఎత్తేసింది. యంత్రం అంత భద్రమైతే, అమ్మేవాడికి హామీ రాసివ్వడానికి భయమెందుకు?

కూలీ సంగతి ఇంకా అన్యాయం. 2010 చట్టంలో ఆర్థిక నష్టం అనే మాట ఉంది. కానీ పరిహారానికి దరఖాస్తు పెట్టేవాళ్లెవరంటే గాయపడినవారు, ఆస్తి యజమాని, మృతుల వారసులు అని రాశారు. కౌలుదారు ఏ కాగితం చూపాలి? నాట్లు ఆగిపోతే ఆడకూలీలు పోగొట్టుకున్న పనిదినాలకు పాస్‌బుక్కు ఎక్కడుంది? వల వేసేవాడికి సముద్రం పట్టా ఎవరిచ్చారు?

కొవ్వాడకు చెబుతున్న రియాక్టరు కరెంటు లేకపోయినా మూడు రోజులు దానంతటదే చల్లబడుతుందంటారు. మంచిదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం పల్లెల్లో ఎన్నాళ్లు చీకట్లో ఉన్నామో మనకు తెలుసు. నాలుగో రోజు నీళ్లు, డీజిలు, మనుషులు ఏ దారిన వస్తారో ఆ ఊళ్లవాళ్లకు చెప్పాలి.

అందుకని మేం అడిగేవి ఇవి. తరలింపు పథకాన్ని తెలుగులో అచ్చువేసి గ్రామసభల్లో చర్చకు పెట్టాలి. కౌలుదార్లు, కూలీలు, మత్స్యకారుల జాబితా ప్రమాదం వచ్చాక కాదు, ఇప్పుడే ఊరూరా రాయాలి. భూమి లేనివాడి పనిదినం కూడా నష్టమేనని చట్టంలో పేరుపెట్టి చేర్చాలి. పరిహారానికి గరిష్ఠ హద్దు తీసెయ్యాలి. పరికరం అమ్మినవాడి బాధ్యత తిరిగి పెట్టాలి.

ఇవి ఒప్పుకోకుండా భద్రత గురించి ఎన్ని హామీలిచ్చినా, ఆ భద్రత కంపెనీ పెట్టుబడికే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకొద్దు. ఊళ్లలో ఈ ప్రశ్నలు ఇప్పుడే అడుగుదాం.