పిడి లేని ఉపగ్రహములు

శ్రీహరికోటనుండి నూరవ ప్రయోగముగా 2025 జనవరి 29వ తేదీ ఉదయమున నింగికెగసిన ఎన్.వి.ఎస్.-02 ఉపగ్రహము, రాకెట్టునుండి ఏ లోపమును లేకయే వేరుపడి, సౌరఫలకములను విప్పుకొని, తీరా తన సొంత ఇంజను మండవలసిన వేళకు ఆక్సీకరణిని లోనికి వదలు వాల్వులు తెరచుకొనకపోవుటచేత, చేరవలసిన కక్ష్యకు చేరనేరక దీర్ఘవృత్తమున చిక్కువడిపోయెను. తక్కిన వ్యవస్థలన్నియు ఆరోగ్యముగనే యున్నవని ఇస్రో ప్రకటించినప్పుడు నాకు ఊరటకంటె బాధయే అధికమైనది.

ఇట్టివానిని తిరిగి తేవచ్చునని నలువది యేండ్ల క్రిందటనే ఋజువైనది. 1984 ఫిబ్రవరిలో ఛాలెంజర్ వ్యోమనౌకనుండి వదలిన ఇండోనేషియా వారి పలాపా బి-2, అమెరికా వారి వెస్టార్-6 ఉపగ్రహములు, పైకెత్తవలసిన ఘనేంధన మోటార్లు కొలది సెకనులకే చల్లారిపోగా, దిగువ కక్ష్యలో దారితప్పినవి. ఆ నవంబరులో డిస్కవరీ నౌకపై వెళ్లిన జోసెఫ్ అలెన్, వీపున నత్రజని జెట్టుల యంత్రమును తగిలించుకొని, చేతనున్న పొడవాటి కడ్డీని పలాపా మోటారు నాజిల్‌లోనికి దూర్చి దానిని పట్టెను. అటుపిమ్మట పైభాగమున బిగింపవలసిన చట్రము ఒక చిన్న పొడుచుకువచ్చిన భాగము అడ్డై ఇమడకపోగా, సహచరుడైన డేల్ గార్డనర్ అడుగున బిగింపు చేయునంతసేపు, అనగా సుమారు గంటన్నర, అలెన్ ఆ యుపగ్రహమును తన రెండు చేతులతోనే నిలిపి యుంచెను. బరువు తెలియకున్నను ద్రవ్యరాశి యెక్కడికి పోవును? ఒకసారి కదలెనా, ఆపుటకు బలము కావలయును. ఆ రెండును 1990లో మరల కక్ష్య కెక్కినవి.

2020 ఫిబ్రవరిలో మనుష్యుడు లేకయే ఎం.ఇ.వి.-1 అను నౌక, జినాన్‌ను విద్యుచ్ఛక్తితో వెలిగ్రక్కుచు సాగి, ఇంటెల్‌శాట్-901 అను ఉపగ్రహమును కలిసికొని, తానే దాని ఇంజనై నడిపినది. అదియు ఇంజను నాజిల్‌లోనికే చొచ్చి పట్టుకొనవలసివచ్చెను. బావిలో పడిన చేదను పాతాళగరిగె తీయగలుగుట చేదకు పిడి యుండుటచేతనే కదా! మన ఉపగ్రహములకు ఆ పిడియే లేదు.

స్పేడెక్స్ అను జంట ఉపగ్రహములను 2025 జనవరి 16న నింగిలోనే కలిపిన ఇస్రోకు ఈ విద్య కొత్త గాదు. పిడి నమర్చిన బరువు పెరుగునని ఇంజనీర్లు సందేహించుట న్యాయమే. రెండు టన్నుల యంత్రమును సమూలముగ వదలుకొనుటకంటె కొన్ని కిలోల కడియమును మోయుట మేలని నా వాదము. ఎన్.వి.ఎస్.-02 చెందిన నావిక్ అను మార్గదర్శక ఉపగ్రహ శ్రేణిలో ఎగురవలసినవి ఇంకను కలవు. బెంగుళూరు శాలలో నున్నప్పుడే వానికి పట్టుకొనదగిన కడియమును, బయటనుండి ఇంధనము నింపదగిన ద్వారమును అమర్చవలెను.