బండిలో ఏ నూనె పోయాలి?

చీరల షాపులో "ఇది సింథటిక్ అమ్మా" అనగానే ఆ చీర పక్కకి నెట్టేస్తాం. అదే మాట ఆయిల్ షాపులో వినబడితే మా ఆయన జేబులోంచి ఇంకో మూడు వేలు తీస్తారు. మాట ఒక్కటే. ఒక కొట్లో చవక సరుకు, ఇంకో కొట్లో ఖరీదైన సరుకు. ఈ తేడా ఏమిటో తెలుసుకోవాలని నలభై ఏళ్లు దాటేదాకా నాకు అనిపించలేదు. వంట నూనె సంగతి నాది, బండి నూనె సంగతి మగవాళ్లది అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు 2019లో మా ఇంటికి 78,000 రూపాయలు ఖర్చయింది.

మాది వినుకొండ వైపు పల్లె. మా ఆయన పికప్ నడుపుతారు. సీజన్లో రైతుల మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి తోలడం, మిగతా రోజుల్లో ఎరువులు, సిమెంటు, పెళ్లి సామాన్లు, ఏది దొరికితే అది. మా ఇంట్లో బియ్యం నుంచి పిల్లల ఫీజుల దాకా అన్నీ ఆ బండి మీదే.

ఆ ఏడాది మార్చి నెలలో ఆయిల్ మార్పించారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కళ్లాపి చల్లేటప్పుడు బండి నిలిపిన చోట రూపాయి బిళ్లంత నల్లటి మరక కనిపించేది. ముగ్గు అక్కడ సరిగా పడేది కాదు. విసుక్కుని, కాస్త పక్కకి జరిగి ముగ్గేసుకునేదాన్ని. ఆ మరక గురించి మా ఆయనతో ఒక్కరోజైనా అనలేదు. బండి అన్నాక కారుతుంది కాబోలు అనుకున్నాను.

ఏప్రిల్లో ఒకరోజు నిండు లోడుతో వెళ్తుంటే నరసరావుపేట దాటాక ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది. పాతకాలపు నూనె డబ్బా బొమ్మ ఉంటుంది చూడండి, అది. ఆగితే ఆ రోజు బేరం పోతుంది, టిక్కీలు మనవి కావు, రైతులు యార్డులో ఎదురు చూస్తున్నారు. గుంటూరు వెళ్లాక చూద్దాంలే అని అలాగే పోనిచ్చారు. ఫిరంగిపురం దగ్గర ఇంజిన్ పట్టేసింది. ఆయిల్ దించే బోల్టుకి వాషర్ సరిగా పడక, చుక్కా చుక్కా కారి ఆయిలంతా అడుగంటిందని తర్వాత తెలిసింది. ఇరవై రెండు రోజులు బండి షెడ్డులో ఉంది. సీజన్ పోయింది. నా రెండు పేటల గొలుసు బ్యాంకులో పెట్టి ఇంజిన్ చేయించాం.

ఆ షెడ్డులో ఎవరో "సింథటిక్ పోయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నా" అన్నారట. ఆ మాట మా ఆయన మనసులో మేకులా దిగింది. ఇక అప్పట్నుంచి ఆ పాత బండికి సింథటిక్ తప్ప ఇంకోటి పోయలేదు.

కానీ ఆలోచించండి. కారిపోయిన నూనె మినరల్ అయితేనేం, సింథటిక్ అయితేనేం? లేని నూనె ఏ రకమైనా ఒకటే కదా!

2021లో అప్పు చేసి రెండో పికప్ తీసుకున్నాం. అది మా మరిది నడుపుతాడు. పోయిన ఏడాది లెక్కల పుస్తకంలో బిల్లులు అతికిస్తుంటే ఒక వింత కనబడింది. 2013 నాటి పాత బండికి లీటరు 760 రూపాయల నూనె. కిస్తీలు ఇంకా తీరని కొత్త బండికి లీటరు 340 రూపాయల నూనె. మరిదిని అడిగితే, "కిస్తీ కట్టాలి కదా వదినా, కాస్త మిగుల్తుందని బకెట్ ఆయిల్ పోయించా" అన్నాడు. పాపం, ఇంటి మంచి కోరే చేశాడు. ఆ రాత్రి డాష్‌బోర్డు అరలోంచి రెండు బళ్ల పుస్తకాలూ తెప్పించి కూర్చున్నాను. తెలుగు బీఏ చదివినదాన్ని, ఇంజిన్ గురించి నాకేం తెలుస్తుందని ముందు బెరుగ్గానే ఉంది. ఆయిల్ గురించి రాసింది మాత్రం రెండు పేజీలే. నిదానంగా చదివితే అర్థమయింది. మా ఇంట్లో సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది!

నాకు అర్థమైనంతలో చెబుతాను. మినరల్ ఆయిల్, సింథటిక్ ఆయిల్ రెండిటికీ పుట్టిల్లు చాలావరకు నేలలోంచి తీసే ముడి చమురే. దాన్ని శుద్ధి చేసి తీసింది మినరల్. అందులో పెద్దా చిన్నా అణువులు కలగలిసి ఉంటాయి, జల్లించని పిండిలాగా. సింథటిక్‌లో ఆ అణువుల్ని రసాయన పద్ధతిలో మార్చో, కొత్తగా కట్టో ఒకే తీరుగా తయారు చేస్తారు. అందుకే అది చలిలో తొందరగా పారుతుంది, వేడికి తొందరగా చెడదు. వంటింట్లో గానుగ నూనె మంచిది, ఎక్కువ శుద్ధి చేసింది మంచిది కాదు అనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది. ఇంజిన్‌కి మాత్రం ఎంత శుద్ధి అయితే అంత మేలు. సింథటిక్ గొప్పదనం అబద్ధం కాదు.

అయితే ఆ గొప్పదనం ఎక్కడ అక్కరకొస్తుందన్నదే ప్రశ్న. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనో, 5డబ్ల్యూ-30 అనో ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత బాగా పారుతుంది. రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. మంచు పడే దేశాల్లో మొదటి అంకె ప్రాణం. రెంటచింతల ఎండలకు పక్కనే ఉన్న పల్నాడు వాళ్లం, మాకు తెల్లవారుజామున కూడా బండి గడ్డకట్టదు. లంబసింగిలో ఉండేవాళ్లకైనా ఏడాదిలో కొన్ని రోజులే ఆ చలి.

ఆ అంకెల పక్కనే ఏపీఐ అని, సీఐ-4, సీకే-4 లాంటి గుర్తులు ఉంటాయి. "సింథటిక్" అని బంగారు రంగులో రాసిన పెద్ద అక్షరాల కన్నా ఈ చిన్న అక్షరాలే ముఖ్యం. మా పాత బండి పుస్తకంలో 15డబ్ల్యూ-40, సీఐ-4 అని ఉంది. ఆ గుర్తులున్న మినరల్ ఆయిల్ బజార్లో హాయిగా దొరుకుతుంది.

కొత్త బండి కథ వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 నిబంధన వచ్చింది. మా కొత్త బండికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంది. పొగలోని మసిని అది పట్టుకుని, బండి వేడి మీద ఉన్నప్పుడు కాల్చేస్తుంది. మసి కాలుతుంది కానీ నూనెలోంచి వచ్చే బూడిద కాలదు. పొయ్యిలో బూడిద ఎత్తకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే బూడిద తక్కువుండే 5డబ్ల్యూ-30 రకం మాత్రమే పోయమని పుస్తకంలో రాశారు. అలాంటి బండిలో బకెట్ ఆయిల్ పోసి మిగిల్చిన రెండు వేలు, ఆ జల్లెడ పూడుకుపోతే ఏ మూలకీ రావు. పైగా వారంటీ ఉన్న బండికి పుస్తకంలో లేని నూనె పోస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు మనం నోరెత్తలేం. అదృష్టం బాగుండి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరక్కముందే చూశాను. మరుసటి రోజే దించేసి సరైనది పోయించాం.

పాత బండి దగ్గర మాత్రం మా ఆయనతో పెద్ద వాదనే జరిగింది. ఆయన మాట: "ఖరీదైన ఆయిల్ కదా, 10,000కి బదులు 15,000 తిరగొచ్చు. లెక్క సరిపోతుంది." లెక్కలు నావి కాబట్టి కాగితం తీశాను. ఏడాదికి ఆ బండి 30,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఒకసారికి 7 లీటర్లు, ఫిల్టర్ 420 రూపాయలు. సింథటిక్ అయితే మార్పుకి 5,740. ఆయన అన్నట్టు ఏడాదికి రెండుసార్లే మారిస్తే 11,480. మినరల్ అయితే మార్పుకి 2,800. దాన్ని 7,500కే ఒకసారి చొప్పున నాలుగుసార్లు మార్చినా 11,200. ఖర్చు ఇంచుమించు ఒకటే. కానీ ఒక దారిలో ఇంజిన్‌కి ఏడాదికి రెండుసార్లు కొత్త నూనె, ఇంకో దారిలో నాలుగుసార్లు. పుస్తకంలో ఉన్నట్టు సింథటిక్‌నే 10,000కి మారిస్తే మూడుసార్లకి 17,220 అవుతుంది. ఆరువేలు ఎక్కువ.

ఆయన ఇంకో మాట అన్నారు, డీజిల్ ఆదా అవుతుందని. కావచ్చు. మా బండికి నెలకి 24,000 రూపాయల డీజిల్. నూటికి ఒక రూపాయి మిగిలిందనుకున్నా నెలకి 240, ఏడాదికి 2,880. ఆ ఆరువేలకి అది సగం కూడా కాదు.

7,500 అని నేనెందుకు పట్టుబట్టానో కూడా చెప్పాలి. సీజన్లో యార్డు బయట బళ్ల వరుస మీరు చూసే ఉంటారు. ఇంజిన్ ఆపకుండా గంటలు గంటలు, అంగుళం అంగుళం జరుగుతుంటారు. ఆ గంటలన్నీ ఇంజిన్ పనిచేస్తున్నట్టే, కానీ మీటరులో కిలోమీటర్లు పెరగవు. దుమ్ము, నిండు లోడు, ఎండ, నిలబడి ఇంజిన్ తిరగడం, ఇలాంటివి ఉంటే చెప్పినదాని కంటే ముందే మార్చమని ఆ పుస్తకంలోనే ఉంది. ఎంత ఖరీదైన నూనె అయినా మసిని మింగుతూనే ఉండాలి, ఫిల్టర్ పూడుకుంటూనే ఉంటుంది.

నా ఉద్దేశంలో ఖరీదైన నూనెతో వచ్చే అసలు చిక్కు ధర కాదు, నిర్లక్ష్యం. మంచిది పోశాం కదా అన్న ధీమాతో చూడ్డం మానేస్తాం. ఖరీదైన ఫేస్‌వాష్ కొనుక్కుని నిద్ర మానేసినట్టు! డబ్బుంది, సింథటిక్ పోసి వేళకి కూడా మారుస్తాం అంటారా, అంతకంటే కావాల్సిందేముంది? కానీ రెండిట్లో ఒకటే చేయగలిగితే, పాత బండికి వేళకి మార్చిన మామూలు నూనె వైపే నేను. కొత్త బండికైతే ఎంపిక అన్నదే లేదు, పుస్తకం చెప్పిందే.

మా తాత ఎడ్లబండికి కందెన గొట్టం వేలాడుతుండేది. వరిగడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపిన నల్లటి కందెన. అది గొప్ప నూనె అని ఎవరూ అనలేదు. పొలానికి బయల్దేరే ముందు మాత్రం ఇరుసుకి పెట్టకుండా ఆయన ఎడ్లు కట్టేవారు కాదు.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రెండు బళ్ల ఆయిల్ తేదీలు, మీటరు అంకెలు ఉంటాయి. ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, గేజు పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి రెండు గీతల మధ్య నూనె ఉందో లేదో చూస్తాను. రెండు నిమిషాల పని. సీలున్న డబ్బానే తెమ్మంటాను. ఖాళీ డబ్బాని పాత సామాన్లవాడికి వేసేముందు మేకుతో చిల్లి పెడతాను, మళ్లీ అందులో కల్తీ నూనె నింపి ఎవరికీ అమ్మకుండా.

మొదట్లో మా ఆయన నవ్వారు. మొన్న బయల్దేరబోతూ, "ఇంకెన్ని కిలోమీటర్లుందో చూసి చెప్పు" అని వంటింట్లోకి కేకేశారు.

మీ ఇంట్లో ఆటో అయినా, ట్రాక్టర్ అయినా, పికప్ అయినా, దాని మీద ఇల్లు గడుస్తుంటే అది మీ సంగతి కూడా. ఏ నూనె అని అడగండి, ఎప్పుడు మార్చారని అడగండి. ముగ్గు వేసే చోట నల్ల మరక కనబడితే, నాలాగా పక్కకి జరిగి ముగ్గేసుకోకండి.