వ్యాజ్యం ఖర్చు కానుకల పెట్టెదేనా?

మైలవరమైనా నందిగామ అయినా, చర్చి స్థలం విలువ పెరిగేకొద్దీ తగాదాలూ పెరుగుతాయి. కోర్టుకెక్కిన ట్రస్టీకి వకీలు ఫీజు ఎవరివ్వాలి?

ట్రస్టు ఆస్తిని కాపాడటానికి సక్రమంగా పెట్టిన ఖర్చును ట్రస్టీ ట్రస్టు సొమ్ము నుండి రాబట్టుకోవచ్చునని 1882 నాటి ట్రస్టుల చట్టం 32వ సెక్షను చెబుతోంది. మత ధర్మాదాయాలకు ఈ చట్టం నేరుగా వర్తించకపోయినా, దాని వెనుకనున్న సూత్రం న్యాయస్థానాలకు తెలిసినదే.

“సక్రమంగా” అన్నదే కీలకం. ఆక్రమణదారునిపై వేసిన దావా సంఘానిది. లెక్క చెప్పమని విశ్వాసులు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను కింద దావా వేస్తే, తన తప్పును కప్పుకోవడానికి ట్రస్టీ చేసే వాదన మాత్రం అతని సొంతం. అందుకు కానుకలు వాడితే, ఇచ్చినవారి సొమ్ముతో ఇచ్చినవారినే ఓడించినట్లు. అలాగని నిర్దోషిగా తేలిన పెద్ద నష్టపోకూడదు.

కనుక సంఘ ఆస్తి కోసం వేసే కేసుకు ముందే కమిటీ తీర్మానం, ఖర్చుకు హద్దు, ప్రతి రూపాయికి రసీదు ఉండాలి. తన నడతపైనే కేసైతే, ముందు తానే భరించి తీర్పు తరువాత అడగాలి.

యెరూషలేము పరిశుద్ధుల చందాను పౌలు ఒంటరిగా చేతపట్టలేదు. నింద రాకుండా సహోదరులను తోడుంచుకున్నాడు (2 కొరింథీ 8). మన పెద్దలకూ అదే మాదిరి.