‘సెటిల్ అయ్యాక తీసుకెళ్తా’ అనకండి

మీకు ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆసిఫాబాద్. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ‘అదెక్కడ?’ అని. రెండోది ‘కిరాయి ఎంతుంటది?’ అని. మీ మంచం కింద పడుకుని తోక ఆడిస్తున్న ప్రాణి మాత్రం ఏమీ అడగదు. దాని సంగతి మీరే ఆలోచించాలి. చాలామంది ఆలోచించరు. ఆలోచించినవాళ్లు కూడా తమకు తాము చెప్పుకొనే జవాబు ఒక్కటే: ‘ముందు నేను పోయి సెటిల్ అయ్యాక తీసుకెళ్తా.’

నేనూ అదే మాట అన్నాను. ఆ మాట ఖరీదు ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే రోజుల్లో ఓ వాన రాత్రి మా గది మెట్ల కింద కుక్కపిల్ల దొరికింది. ముగ్గురం కలిసి పెంచాం. చింటూ అని పేరు పెట్టాం. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఎంత రాత్రయి వచ్చినా గేటు దగ్గరే ఉండేది. రెండుసార్లు ప్రిలిమ్స్ పోయినప్పుడు ఎవరితో మాట్లాడాలో తోచక దానితోనే మాట్లాడాను. మూడో ప్రయత్నంలో బ్యాంకు క్లర్కుగా ఎంపికయ్యాను. ఆసిఫాబాద్ వెళ్లి చేరమన్నారు. ‘రెండు నెలలు చూస్కోరా’ అని గదిలో మిగిలిన స్నేహితుడికి చింటూను అప్పజెప్పి, ఒక్క బ్యాగుతో బస్సెక్కాను.

నెల తిరక్కుండానే అతనికీ వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేశాడు. ఓనర్ కుక్కను గేటు బయటికి పంపేశాడు. విషయం తెలిసి శనివారం రాత్రి నేను వెళ్లి వెతికితే, మూడు వీధుల అవతల టీ కొట్టు దగ్గర కనబడింది. ఒంటినిండా గజ్జి. వెనక కాలు కుంటుతోంది. నన్ను చూసి పరుగెత్తుకు రాలేదు. దూరంగా నిలబడి చూసింది.

తప్పు స్నేహితుడిది కాదు, ఓనర్‌దీ కాదు. పెంచుతానన్నది నేను.

చట్టం మిమ్మల్ని ఆపదు

పెంచుకున్న జంతువును సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. అయితే ఆ చట్టంలో తొలి తప్పుకు రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇవాళ రెండు టీలు, ఒక సమోసా ఖర్చు. కాబట్టి పోలీసులు పట్టుకుంటారన్న భయంతో ఎవరూ ఆగరు. ఆగితే ఇచ్చిన మాట కోసం ఆగాలి.

ఇదంతా కొద్దిమంది జంతుప్రేమికుల గొడవ అనుకోకండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న వీధుల్లో ఒక్కసారి తిరిగి చూడండి. మెడలో పాత బెల్టుతో తిరిగే కుక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటికీ పేర్లున్నాయి. ప్రిపరేషన్‌లో ఒంటరితనం తట్టుకోలేక చేరదీసింది మనమే, ఫలితం రాగానే మరిచిపోయేదీ మనమే.

పైగా ఇకముందు మీలో చాలామందికి వచ్చేది చిన్న ఊరి పోస్టింగే. రాష్ట్రంలో 33 జిల్లాలు, 7 జోన్లు. ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, ములుగు కలిపి కాళేశ్వరం జోన్. జోనల్ పోస్టు వస్తే వీటిలో ఎక్కడైనా వేయొచ్చు. ఏకలవ్య గురుకులాలకు 2023లో జరిగినట్టు దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టే ఉద్యోగాలైతే మరీను. ఉత్తరాదివాళ్లు మన దగ్గరికి వస్తారు, మనవాళ్లు ఎక్కడికో వెళ్తారు.

చిన్న ఊరు ఇచ్చేది

ఆసిఫాబాద్ అనగానే ముఖం ముడుచుకునేవాళ్లకు ఒక మాట. 2016లో ఇది కుమ్రంభీం పేరిట ఏర్పడిన జిల్లాకు కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పక్కన కాగజ్‌నగర్‌లో 2014లో మూతపడ్డ పేపర్ మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది. రెబ్బెన మండలం గోలేటిలో సింగరేణి ఉంది. ఉద్యోగాలకు వచ్చేవాళ్లు పెరిగారు. అయినా హైదరాబాద్‌తో పోలిస్తే ఖర్చు తక్కువే. అశోక్‌నగర్‌లో ముగ్గురం పంచుకున్న గదికి నా వాటాగా కట్టిన డబ్బుతో ఇక్కడ నాకు రెండు గదులు, వంటిల్లు, ముందు వాకిలి, వెనక వేప చెట్టు వచ్చాయి. ఆఫీసు పది నిమిషాలు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, కుక్కకు పెట్టి వెళ్లొచ్చు. నగరంలో మంచి జీతగాడికి కూడా ఇది కుదరదు.

కాకపోతే లెక్క సరిగా వేయండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగమైతే ఊరు చిన్నదయ్యేకొద్దీ ఇంటి అద్దె భత్యమూ తగ్గుతుంది. 2021 వేతన సవరణలో హైదరాబాద్‌కు 24 శాతం ఇస్తే, చిన్న ఊళ్లకు 11 శాతమే ఇచ్చారు. కిరాయిలో మిగిలినదంతా లాభం కాదన్నమాట.

ఇంకోటి. ఈ ప్రాంతంవాళ్లకు జంతువులంటే చిన్నచూపు లేదు. శ్రావణ అమావాస్య నాడు పొలాల పండుగకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించి, నైవేద్యం తినిపించి ఆ తర్వాతే తాము తినే ఇళ్లున్నాయి. కుక్కను మంచమెక్కించుకుంటే నవ్వుతారేమో గానీ, దానికి జ్వరమొచ్చిందంటే నవ్వరు.

ఇల్లు వెతికేటప్పుడు మాత్రం దాచొద్దు. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. అవి చూపించి ఇంటి యజమానురాలిని ఒప్పించలేరు. నాకు ఇద్దరు లేదన్నారు. మూడో ఇంటి పెద్దమ్మ మాత్రం, “కుక్కనా బిడ్డా? దొంగలు రాకుంటే మంచిదే. రాత్రి మొత్తం ఒర్లితే పక్కింటోళ్లు నన్నడుగుతరు మరి” అంది. “ఒర్లితే నాకు చెప్పండి పెద్దమ్మా, నేను లోపల పడుకోబెడతా” అన్నాను. ఒక నెల అడ్వాన్స్ ఎక్కువిచ్చాను. గోడలు గీకితే సున్నం నేనే వేయిస్తానన్నాను. ఒప్పుకుంది. ఇప్పుడు నేను ఊరెళ్తే చింటూకు అన్నం పెట్టేది ఆమే.

చిన్న ఊరు ఇవ్వనిది

చౌక ఊళ్లో అన్నీ చౌకగా ఉండవు. కొన్ని అసలు ఉండవు. ప్రభుత్వ పశువైద్యశాల ఉంటుంది. టీకాలు, మామూలు జబ్బులకు అక్కడి డాక్టర్లే దిక్కు, వాళ్లను గౌరవించండి. కానీ వాళ్ల రోజంతా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలతోనే గడుస్తుంది. కుక్కకో పిల్లికో స్కానింగో, పెద్ద ఆపరేషనో కావాలంటే మంచిర్యాల, కరీంనగర్ దాకా పోవాల్సి రావచ్చు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. వీటిలో ఎక్కడ ఏం చేస్తారో, ఏ వేళల్లో చూస్తారో అవసరం వచ్చాక కాదు, చేరిన మొదటి వారంలోనే కనుక్కోండి. అద్దెలో మిగిలిన దాంట్లో కొంత నెలనెలా దీనికోసం పక్కన పెట్టండి. రాత్రిపూట కారు మాట్లాడుకుని 70, 80 కిలోమీటర్లు పోవాల్సి వస్తే అప్పుడా డబ్బే పనికొస్తుంది.

ఎండను తక్కువ అంచనా వేయొద్దు. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చలికాలంలో తిర్యాణి మండలం గిన్నెధరి, సిర్పూర్ (యు) పేర్లు రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో వినబడతాయి. నాటు కుక్క రెండింటినీ తట్టుకుంటుంది. దట్టమైన బొచ్చున్న హస్కీని, సరిగా ఊపిరాడని చప్పిడి ముక్కు పగ్‌ని కరెంటు పోయే మధ్యాహ్నం రేకుల ఇంట్లో కట్టేసి ఆఫీసుకు పోతే, సాయంత్రానికి ఏమవుతుందో ఊహించుకోండి.

అడవి దగ్గరి ఊళ్లలో పోస్టింగ్ వస్తే కుక్కను రాత్రి బయట కట్టేయకండి. చిరుతకు కుక్క సులువైన ఎర. మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి పులులు వచ్చిపోయే దారి ఇది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పులి దాడిలో ఒక మహిళ చనిపోయింది. మీ కుక్కను ఎరగా పెట్టి మృగాన్ని ఇళ్ల మధ్యకు పిలిచే హక్కు మీకు లేదు.

వీధి కుక్కలూ ఉంటాయి. కాబట్టి రేబీస్ టీకా ఏటా తప్పనిసరి. లక్షణాలు బయటపడ్డాక రేబీస్‌కు దాదాపు మందు లేదు. మిమ్మల్ని ఏ కుక్క కరిచినా, అది మీదే అయినా సరే, గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ప్రయాణం ముందే తేల్చుకోండి

హైదరాబాద్ నుంచి ఆసిఫాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. రైల్లో కుక్కను మీతో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేనో, నాలుగు బెర్తుల క్యాబినో మొత్తం మీ పేరున ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో రానివ్వరు. లేదంటే పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి, గార్డు బోగీలోని డబ్బాలో పంపాలి. మన వైపు పగటి రైళ్లలో చాలావాటికి ఫస్ట్ ఏసీ ఉండదు. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ పేరుకే ఆసిఫాబాద్, దిగాక ఊళ్లోకి మళ్లీ బండి చూసుకోవాలి. బస్సును నమ్ముకోలేం. అందుకే నేను సామాను తెచ్చుకునే బండిలోనే చింటూను తెచ్చుకున్నాను. తెల్లవారుజామున బయల్దేరాం, కడుపునిండా పెట్టలేదు, రెండు గంటలకోసారి ఆగి నీళ్లు పట్టించాం. దూర రాష్ట్రాల పోస్టింగైతే విమానం చూడాలి. ఎయిర్ ఇండియా, ఆకాశ ఎయిర్ తీసుకెళ్తాయి. ఇండిగో మామూలు పెంపుడు జంతువులను ఎక్కించుకోదు. ఏదైనా టీకా కార్డు, డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం దగ్గరుంచుకోండి.

‘ఉద్యోగమే లేదు, కుక్క గోల ఎందుకు?’

న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగం వదులుకోమని నేను అనడం లేదు. మీ ఇంట్లో నెల జీతం కోసం ఎదురుచూసే మనుషులున్నారు, వాళ్లు ముందు. జాయినింగ్‌కు మీకు దొరికేది పది, పదిహేను రోజులే కావచ్చు. కొన్ని ఉద్యోగాల్లో అసలు కుదరదు. పోలీసు శిక్షణకు, గురుకుల హాస్టల్ డ్యూటీకి కుక్కను తీసుకుపోలేరు. అలాంటప్పుడు ‘రెండు నెలలు చూస్కో’ అని అబద్ధం చెప్పకండి. ‘ఇక ఇది నీదే, పెంచుతావా?’ అని అడగండి. ఔనన్నవాళ్లకు టీకా కార్డుతో సహా అప్పగించండి. శాశ్వతంగా మంచి చేతుల్లో పెట్టడం వదిలేయడం కాదు. గడువు చెప్పి మాయమవడమే వదిలేయడం.

ఇంకా చదువుకుంటున్నవాళ్లకు: రేపు ఎక్కడుంటారో తెలియని ఈ ఏడాది కొత్తగా ఏ ప్రాణినీ తెచ్చుకోకండి. వీధి కుక్కకు రోజూ గిన్నెడు అన్నం పెట్టండి, చాలు. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లయితే, పోస్టింగ్ ప్రాధాన్యాలు పెట్టే రోజునే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఆ ఊళ్లో పశువైద్యుడు ఎంత దూరం, ఎలా తీసుకెళ్తారు, మీరు లేని రోజు అన్నం పెట్టే రెండో మనిషి ఎవరు? ఈ మూడింటికీ జవాబు దొరికాకే అద్దె గురించి అడగండి.

చింటూ కాలు నయమైంది. గజ్జి పోయి బొచ్చు వచ్చింది. కానీ నేను బ్యాగు సర్దడం మొదలుపెడితే చాలు, ఇప్పటికీ వచ్చి దాని మీద పడుకుంటుంది. రెండు రోజుల్లో వస్తానని చెప్తాను. నమ్మదు. ఒకసారి చెప్పి తప్పినవాణ్ని కదా.