పాత కారుకు కొత్త కారు బిల్లు

కోల్‌కతాలో హుగ్లీ తీరాన ఉన్న గార్డెన్ రీచ్ తెలుగువారికి కొత్త పేరేమీ కాదు. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలో భాగంగా ఉండేది. ఆ కాలంలో ఉత్తరాంధ్ర రైల్వే సిబ్బంది ఫైళ్లు ఇక్కడి ప్రధాన కార్యాలయానికే చేరేవి. ఓడరేవు గోదాములు, నౌకా నిర్మాణ కేంద్రం, రేయింబవళ్లు తిరిగే కంటైనర్ లారీలు, వాటి బరువుకు కుంగిన రోడ్లు ఈ ప్రాంతపు గుర్తులు. నేలకు జానెడు ఎత్తున పరుగెత్తే పర్ఫార్మెన్స్ కారుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. అయినప్పటికీ అటువంటి కార్లను సెకండ్ హ్యాండ్‌లో కొనాలన్న మోజు మధ్యతరగతి యువకులలో కనిపిస్తూనే ఉంది. వారిని ఆకర్షిస్తున్నది ధర. ఆ ధరే వారిని మోసగిస్తున్నది కూడా.

ముప్పై లక్షల రూపాయలు పలికిన కారు ఏళ్లు గడిచాక పది లక్షలకు దిగి వస్తే, కొనుగోలుదారుడు తాను పది లక్షల కారుకు యజమాని అయ్యానని భావిస్తాడు. నిజానికి అతను ముప్పై లక్షల కారునే పోషించవలసి ఉంటుంది. వయస్సుతో పాటు కారు విలువ పడిపోతుంది గాని, దాని టర్బోఛార్జర్ ధర గాని, బ్రేకు డిస్కుల ధర గాని, వెడల్పాటి టైర్ల ధర గాని పడిపోదు. పైగా కారు పాతబడిన కొద్దీ ఈ భాగాలను మార్చవలసిన అవసరం పెరుగుతుంది. రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్ గేరుబాక్సు మొరాయిస్తే వీధి చివరి మెకానిక్ చేయగలిగినది దాదాపు శూన్యం.

ఇదే గార్డెన్ రీచ్ పరిధిలోని మెటియాబ్రుజ్‌లో, 1856లో రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా స్థిరపడిన సంగతి విదితమే. ఏటా 12 లక్షల రూపాయల పింఛను వస్తున్నా, జంతుశాలను, పరివారాన్ని పోషించే ఖర్చుతో ఆయనకు అప్పులు తప్పలేదు. ఏనుగును కొన్నవాడికి మేత ఖర్చు తరువాతనే తెలుస్తుంది.

బీమా రంగం ఈ వాస్తవాన్ని ఏనాడో అంకెల్లో పెట్టింది. నాలుగేళ్లు దాటి అయిదేళ్ల లోపు ఉన్న కారుకు బీమా విలువను సగానికి తగ్గించి లెక్క కడతారు. మరమ్మతు వేళ రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి కారు ఎంత కొత్తదైనా సగం ధరే చెల్లిస్తారు. లోహపు భాగాలకు అయిదు నుంచి పదేళ్ల మధ్య 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం కోత పడుతుంది. ఈ కోత లేకుండా చేసే అదనపు పాలసీలు సాధారణంగా తొలి కొన్నేళ్లకే పరిమితం. అంటే రక్షణ అత్యవసరమైన వయస్సులోనే భారమంతా యజమాని జేబుపైకి మళ్లుతున్నదన్న మాట.

2025 సెప్టెంబరు 23న కోల్‌కతాలో 24 గంటల లోపే సుమారు 250 మిల్లీమీటర్ల వర్షం కురిసి వీధులు చెరువులయ్యాయి. అటువంటి నీటిలో ఇంజిను ఆడిస్తే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఈ నష్టాన్ని మామూలు సమగ్ర పాలసీ సాధారణంగా భరించదు. ఇంజిను రక్షణకు విడిగా ప్రీమియం కట్టాలి. పాత కార్లకు ఆ సదుపాయాన్ని ఇవ్వడానికి చాలా కంపెనీలు ముందుకు రావు.

ఒకప్పుడు ఇదే నగర శివారులోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్ కారుకు ఏ భాగం కావాలన్నా మల్లిక్ బజారులో దొరికేది. ఏ మెకానిక్ అయినా దానిని విప్పి బిగించగలిగేవాడు. దాని ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. పర్ఫార్మెన్స్ కార్ల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. 2015లో రూ. 9.95 లక్షలకు విడుదలైన 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటోను చూసి ఉత్సాహవంతులు మురిసిపోయారు. కొన్నేళ్లకే ఫియట్ సంస్థ ఇక్కడ తన కార్ల ఉత్పత్తికి స్వస్తి చెప్పింది. అటువంటి కారును నేడు కొనేవాడు విడిభాగాల వేటను కూడా కొంటున్నాడనడంలో అతిశయోక్తి లేదు.

ప్రభుత్వ విధానాలూ ఈ లెక్కలో చేరుతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీ 18 శాతానికి తగ్గడం ఊరట కలిగించే అంశమే. అయితే పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ నుంచి రూ. 5,000 వసూలు చేస్తున్నారు. దిగుమతి కారుకు అది రూ. 40,000. ఇరవయ్యేళ్లు దాటిన వాహనాలకు 2025 ఆగస్టులో ఈ రుసుములను రూ. 10,000, రూ. 80,000కు పెంచారు. ఇక 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్ల, దాని కోసం రూపొందని కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం వరకు తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే అంగీకరించడం గమనార్హం.

పాత వాహనాల డీలర్లకు అధికార ధ్రువపత్రం తప్పనిసరి చేస్తూ కేంద్రం రూపొందించిన నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. ఇవి ప్రధానంగా యాజమాన్య బదిలీకి, ఆ మధ్యకాలంలో వాహనం బాధ్యతకు సంబంధించినవి. దొంగ బండ్ల బెడదకు ఇది అవసరమే. కాని కొనుగోలుదారుడికి అంతకంటే ముందుగా తెలియవలసినది యంత్రం ఆరోగ్యం. ఆఖరి సర్వీసు ఎప్పుడు జరిగింది, గేరుబాక్సును ఎన్నడైనా విప్పారా, కారు వరద నీటిలో మునిగిందా, బీమా సొమ్ము ఎన్నిసార్లు పొందారు అనే వివరాలను అమ్మకం పత్రంతో పాటు ఇవ్వాలని చట్టబద్ధం చేయడం రవాణా శాఖకు కష్టమైన పని కాదు. అధీకృత సర్వీసు కేంద్రాల కంప్యూటర్లలో, బీమా కంపెనీల రికార్డులలో ఈ సమాచారంలో అధిక భాగం ఇప్పటికే ఉంది. అది కొనేవాడి చేతికి మాత్రం రావడం లేదు.