పశువును ఎంచుకునే హక్కు ఎవరిది?

నందిగామ దగ్గర ఒక ఊళ్లో పొదుపు సంఘం సమావేశం. పశువుల కోసం రుణమిస్తామంటూ అందరి పేర్ల ఎదురుగా 'ముర్రా గేదె - 1' అని ముందే రాసుకొచ్చారు. ఒకామె లేచి, "నాకు గేదె వద్దండీ, రెండు మేకలు ఇప్పించండి" అంది. వచ్చినాయన నవ్వి, "మేకలతో ఏం బాగుపడతావమ్మా?" అన్నాడు. సంఘంలో వాళ్లూ నవ్వారు. ఆమె తగ్గలేదు. "గేదెకి మేపు నేను తేవాలి, పాల డబ్బులు మా ఆయన తెచ్చుకుంటాడు. మేకైతే నా చేతిలో ఉంటది" అంది.

నాకు నవ్వు రాలేదు. డ్వాక్రా రోజుల్లో గేదె తీసుకోమని ఎందరికో నచ్చజెప్పినదాన్ని నేను. అలా తీసుకున్న ఒక ఇంట్లో మూడో తరగతి పిల్లను బడి మాన్పించి గడ్డికి పంపారు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పాడి గేదెకు రోజుకు పాతిక, ముప్పై కిలోల పచ్చిమేత కావాలి. ఆపైన ఎండుగడ్డి, తవుడు, బిందెల కొద్దీ నీళ్లు. ఎకరమైనా లేని కూలి మనిషి ఇదంతా గట్ల మీద కోసి నెత్తిన మోసుకురావాల్సిందే. గేదెకు పది నెలల చూడి. ఏటా కొన్ని నెలలు వట్టిపోతుంది. బ్యాంకు వాయిదా మాత్రం వట్టిపోదు. మేక అయిదు నెలలకే ఈనుతుంది, చాలాసార్లు రెండు పిల్లల్ని పెడుతుంది. గేదె చనిపోతే అప్పు ఒక్కటే మిగులుతుంది. రెండు మేకల్లో ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

ఇక చోటు సంగతి. 2020 డిసెంబరులో పల్లెల్లో ఆడవాళ్ల పేరిట ఇచ్చిన ఇళ్లస్థలం సెంటున్నర, అంటే 72 గజాలు. ఇల్లు కట్టాక గేదెను ఎక్కడ కట్టెయ్యాలి? పేడ ఎక్కడ వెయ్యాలి? ఆ మూలన పట్టేది రెండు మేకలే.

పాలకూ మాంసానికీ ఒకే చిన్న జాతి ఆవును పెంచుకోవడం కొన్ని దేశాల్లో మామూలే. మన దగ్గర 1977 నాటి చట్టం ఆవును కోయడాన్ని నిషేధించింది. ఎద్దునో ముసలి గేదెనో కోయాలన్నా, ఇక పనికిరాదని ధ్రువపత్రం కావాలి. పుంగనూరు ఆవు పొట్టిది, మేత తక్కువ. పేదింటికి సరిపోయే పశువే. కానీ ఇప్పుడది ఉన్నవాళ్ల ముచ్చటై ధర లక్షల్లోకి పోయింది. కాసిని పాలూ, అవసరానికి అమ్ముకునే మాంసపు పశువూ రెండూ కావాలంటే మనకు మిగిలింది మేకే.

మేకతో ఇబ్బందులు లేవనను. మన నాటు మేక పిల్లలకు విడిచాక గ్లాసో రెండు గ్లాసులో ఇస్తుంది, అంతే. చిటుకు రోగం, పి.పి.ఆర్. వస్తే వారంలో మంద ఖాళీ. టీకాలు వేళకు పడాలి. మిరప చేలో పడితే రైతు ఊరుకోడు. తిట్లు తినేది ఎక్కువగా దళితవాడ ఆడవాళ్లే. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, మేపుకునే బయళ్లు తగ్గాయి. అయినా మన మెట్టలో సుబాబుల్ తోటలున్నాయి. కర్ర నరికినప్పుడు మిగిలే కొమ్మారెమ్మా మేకకు మంచి మేత. అదొక్కటే పెడితే మాత్రం బొచ్చు రాలుతుంది, మేతలో మూడో వంతు మించకూడదు. ఆ కొమ్మలు ఏరుకోనివ్వమని తోటల వాళ్లతో సంఘంగా వెళ్లి మాట్లాడుకోవచ్చు.

పథకాల్లో మేకలు లేవా అంటే, ఉన్నాయి. 2020 డిసెంబరులో జీవక్రాంతి పెట్టారు. అందులో యూనిట్ అంటే 14 ఆడవి, ఒక పోతు. పదిహేను జీవాల్ని 72 గజాల్లో ఎవరు పెంచగలరు? ఇస్తే పెద్ద గేదె, లేదంటే మంద! రెండు మేకలడిగే మనిషి ఏ కాగితంలోనూ లేదు.

గేదె వద్దని నేననడం లేదు. మేతకు చేనూ, సాయానికి మనిషీ, పాల డబ్బు తన ఖాతాలో పడే వీలూ ఉన్నామె గేదెనే తీసుకోవాలి. ఆ లెక్క వేసుకోవాల్సింది చాకిరీ చేసే ఆమె. జాబితా రాసుకొచ్చిన వాళ్లు కాదు.

మనం గట్టిగా అడగాల్సినవి ఇవి. ఏ పశువు, ఎన్ని అన్నది ఆమే రాయాలి. రెండు మేకలకూ రుణం, బీమా ఉండాలి. టీకాలు వాడలోకే రావాలి. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంది. ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఆ రోజు ఆమె దరఖాస్తును పక్కన పెట్టారు. వచ్చే సమావేశంలో అదే దరఖాస్తు మళ్లీ పెడుతోంది. ఈసారి ఆమెతో పాటు ఇంకో ఆరుగురు మేకలే అడగబోతున్నారు. ఎవరు నవ్వుతారో చూద్దాం.